కుట్టిన ప్రతి దోమా మలేరియా తెస్తుందా?

గత సంచికలో చలిజ్వరాల గురించి ఇచ్చిన జవాబు చదివి, ఈ నెల ఎక్కువమంది పాఠకులు దోమల మీదే ప్రశ్నలు పంపారు. ఒకే సంగతిని వేర్వేరు మాటల్లో అడిగినవాటిని కలిపి, మరీ పొడుగైన ఉత్తరాలను కుదించి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. ఏ మందు ఎంత మోతాదులో వాడాలన్న ప్రశ్నలను పక్కన పెట్టాను. అవి మిమ్మల్ని పరీక్షించే డాక్టరుగారిని అడగవలసినవి.

ప్రశ్న: మా ఇంట్లో రాత్రంతా దోమలు పీక్కు తింటాయి. ఏళ్ల తరబడి ఇదే తంతు. అయినా మా ఇంట్లో ఎవరికీ ఇంతవరకు మలేరియా రాలేదు. మా దగ్గరి బంధువు ఒకాయన మరోచోట రెండు రాత్రులు పడుకుని వచ్చారు. అక్కడ దోమలు పెద్దగా లేవనే చెప్పారు. రెండు వారాలు తిరక్కుండానే మలేరియాతో మంచం పట్టారు. ఇదెలా జరుగుతుంది?

జవాబు: మలేరియా వ్యాపించే తీరు అర్థం కావాలంటే మీ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. దోమలు ఎన్ని ఉన్నాయన్నది ఒక లెక్క, అవి ఎలాంటివన్నది ఇంకో లెక్క. ప్రపంచంలో దోమ జాతులు 3,500కు పైగా ఉన్నాయి. వాటిలో మనిషికి మలేరియాను అంటించేవన్నీ అనాఫిలిస్ అనే ఒక్క ప్రజాతికి చెందినవే. ఆ ప్రజాతిలో 450కి మించి జాతులుండగా, మలేరియాను మోయగలవి 70 దాకా ఉంటాయి. వాటిలోనూ పెద్ద ఎత్తున జబ్బును వ్యాపింపజేసేవి దాదాపు 40 మాత్రమే. మీ ఇంట్లో రాత్రంతా కుట్టేవి బహుశా క్యూలెక్స్ దోమలై ఉంటాయి. అవి బోదకాలు వంటి జబ్బులను వ్యాపింపజేయగలవు గాని, ఎన్ని వేలు కుట్టినా మనిషికి మలేరియాను అంటించలేవు.

పోనీ, కుట్టింది అనాఫిలిస్ దోమే అనుకుందాం. అది ఆడదోమ అయి ఉండాలి. అంతకుముందు అది మలేరియా పరాన్నజీవి ఉన్న మనిషిని కుట్టి ఉండాలి. అది కుట్టిన సమయానికి ఆ మనిషి రక్తంలో పరాన్నజీవి గామిటోసైట్లు అనే దశలో ఉండాలి, ఎందుకంటే దోమ కడుపులోకి వెళ్లాక బతికి వృద్ధి చెందగలిగేది ఆ ఒక్క దశే. ఇవన్నీ కుదిరినా, ఆ దోమ మర్నాడు వెళ్లి ఇంకొకరిని కుడితే ఏమీ కాదు. పరాన్నజీవి దోమ శరీరంలో పెరిగి, మారి, లాలాజల గ్రంథులకు చేరడానికి వాతావరణం 25 డిగ్రీల దగ్గర ఉంటే దాదాపు పన్నెండు రోజులు పడుతుంది. అన్ని రోజులూ ఆ దోమ బతికి ఉండాలి. ఆ తరువాతే దాని కాటు ప్రమాదకరమవుతుంది. ఆడదోమల్లో ఎక్కువ భాగం పుట్టిన ఒకటి రెండు వారాల్లోపే చచ్చిపోతాయి కాబట్టి, జబ్బును అంటించగలిగేది ఆ గుంపులోని ముసలిదోమలే.

చిన్న లెక్క ఒకటి చెబుతాను. ఒకచోట ప్రతి రోజూ నూటికి 90 దోమలు మర్నాటికి బతికి ఉంటున్నాయనుకోండి. ఒకే రోజు పరాన్నజీవిని పీల్చుకున్న వంద దోమల్లో పన్నెండు రోజుల తరువాత మిగిలేవి 28. అవి అక్కడి నుంచి సగటున ఇంకో తొమ్మిదిన్నర రోజులు బతికి మనుషులను కుడతాయి. ఇప్పుడు రోజుకు నూటికి 80 మాత్రమే మిగిలే పరిస్థితి వచ్చిందనుకోండి. పన్నెండు రోజుల తరువాత మిగిలేవి ఏడు, అవి ఆపైన బతికేది సగటున నాలుగున్నర రోజులు. రోజువారీ చావులో వచ్చిన తేడా నూటికి పదే. ప్రమాదకరమైన దోమలు తిరిగే రోజులను గుణించి చూస్తే మాత్రం, మొదటి చోట 266 వస్తాయి, రెండో చోట 32 దాటవు. 1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మలేరియాకు గణితసూత్రాలు కట్టినప్పుడు అందరినీ ఆకట్టుకున్నది ఈ సంగతే. దోమల సంఖ్యను సగానికి తగ్గిస్తే జబ్బు వ్యాపించే వేగం సగమే తగ్గుతుంది, దోమ ఆయుష్షును కొంచెం కత్తిరిస్తే అది ఎన్నో రెట్లు పడిపోతుంది.

దీనికి మరో మెలిక ఉంది. జబ్బును ఎక్కించుకోవడానికి ఒకసారి, దించడానికి ఒకసారి దోమ మనిషినే కుట్టాలి. మధ్యలో పశువును కుడితే ఆ కాటు వృథా. ఆఫ్రికాలోని అనాఫిలిస్ గాంబియే అనే దోమ మనిషి రక్తాన్నే ఏరికోరి వెతుక్కుంటుంది, అందుకే దాన్ని మించిన మలేరియా దోమ లేదని పేరుపడింది. భారతదేశపు గ్రామాల్లో మలేరియాకు ముఖ్య కారణమైన అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ ఎక్కువగా పశువులను కుడుతుంది, ఆ లోటును సంఖ్యాబలంతో పూడ్చుకుంటుంది. మీ బంధువు వెళ్లిన చోట దోమలు తక్కువే అయి ఉండవచ్చు. ఆ తక్కువలో ఒక్క ముసలిదోమ చాలు. ఇంట్లో దోమల బెడదను మనం చప్పట్లు లెక్కపెట్టి కొలుచుకుంటాం గాని, మలేరియాకు ఆ కొలత పనికిరాదు.

ప్రశ్న: దోమ వయసు రోజుల్లో ఎలా తెలుస్తుంది? పుట్టినరోజు రాసిపెట్టి ఉండదు కదా!

జవాబు: చమత్కారంగా అడిగినా మంచి ప్రశ్న. దోమను కోసి చూసి తెలుసుకోవలసిందే. గుడ్లు పెట్టని ఆడదోమ అండాశయాన్ని గాజుపలక మీద ఆరబెట్టి సూక్ష్మదర్శిని కింద పెడితే, దాని మీది సన్నని గాలిగొట్టాల చివరలు దారపు చిలపల్లా చుట్టుకుని కనిపిస్తాయి. ఒక్కసారి గుడ్లు పెట్టిందంటే అండాశయం ఉబ్బి ఆ చిలపలు విడిపోతాయి, మళ్లీ చుట్టుకోవు. దీనికి శాస్త్రీయమైన పద్ధతిని ఏర్పరచినవారిలో సోవియట్ శాస్త్రవేత్త తత్యానా దెతినోవా ముఖ్యులు. రక్తం తాగడం, దాన్ని అరిగించుకోవడం, గుడ్లు పెట్టడం అనే చక్రానికి వెచ్చని వాతావరణంలో రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి, పట్టుకొచ్చిన దోమల్లో ఎన్నింటికి చిలపలు విడిపోయాయో చూసి ఆ గుంపు మొత్తం ఏ వయసుదో అంచనా కడతారు. గోరు మీద పట్టేటంత దోమలోంచి అండాశయాన్ని చిరగకుండా బయటికి లాగడం మాటలు కాదు. నేర్చుకునే రోజుల్లో నేను పాడుచేసిన దోమలకు లెక్కే లేదు.

ప్రశ్న: మగదోమలు ఎందుకు కుట్టవు? ఆడదోమకు రక్తమే ఆహారమా?

జవాబు: కాదు. రెండింటికీ రోజువారీ శక్తినిచ్చేది పూలలోని మకరందం, మొక్కల్లోని తీపి రసాలు. ఆడదోమకు రక్తం కావలసింది ఆకలి తీరడానికి కాదు, గుడ్లకు. గుడ్లు తయారు కావడానికి అవసరమైన ప్రోటీను దానికి రక్తం నుంచి వస్తుంది. మగదోమ గుడ్లు పెట్టదు కనుక దానికి ఆ పనీ లేదు, చర్మంలోకి దిగే తొండమూ లేదు.

ప్రశ్న: గోడ మీద వాలిన దోమను చూసి అది అనాఫిలిస్ అవునో కాదో మామూలు మనిషి గుర్తుపట్టగలడా?

జవాబు: కొంతవరకు గుర్తుపట్టవచ్చు. ముందు అది వాలిన తీరు చూడండి. క్యూలెక్స్ దోమ గోడకు సమాంతరంగా, వీపు కొంచెం వంచి, గూని మనిషిలా కూర్చుంటుంది. అనాఫిలిస్ దోమ తల కిందికి, తోక పైకి ఎత్తి, గోడలో గుచ్చిన సూదిలా ఏటవాలుగా నిలబడుతుంది. తొండం, తల, పొట్ట అన్నీ ఒకే గీత మీద ఉన్నట్టు కనిపిస్తాయి. భూతద్దం ఉంటే ఇంకో రెండు గుర్తులు దొరుకుతాయి. తొండానికి రెండు పక్కలా ఉండే పాల్ప్‌లు అనే సన్నని అవయవాలు ఆడ అనాఫిలిస్‌లో దాదాపు తొండమంత పొడవుంటాయి, అందుకే దానికి మూడు తొండాలున్నట్టు కనిపిస్తుంది. మిగతా ఆడదోమల్లో అవి పొట్టిగా ఉంటాయి. ఇక చాలా అనాఫిలిస్ జాతుల రెక్కల మీద నలుపు, తెలుపు పొలుసులు మచ్చలు మచ్చలుగా ఉంటాయి. అయితే తెల్లచారల కాళ్లతో పగటిపూట కుట్టే దోమను చూసి చాలామంది మలేరియా దోమ అని భయపడతారు. అది ఈడిస్. డెంగీకి దాన్ని తప్పుపట్టండి, మలేరియాకు కాదు. అనాఫిలిస్ దోమలు సాధారణంగా మునిమాపు నుంచి తెల్లవారేలోపు కుడతాయి.

కుట్టేటప్పుడు దగ్గరగా చూడగలిగితే మరో వింత కనిపిస్తుంది. రక్తం పీలుస్తూ ఉండగానే అనాఫిలిస్ తోక చివర ఎర్రటి చిన్న బొట్టు తయారవుతుంది. కడుపు పట్టక కక్కుతోందేమో అనిపిస్తుంది గాని, అది చేస్తున్నది వడగట్టడం. రక్తంలోని నీటిని బయటికి పంపేసి కణాలను కడుపులో నింపుకుంటోంది. ఆ తొందరలో కొన్ని ఎర్ర రక్తకణాలు కూడా నీటితో పాటు బయటపడి బొట్టుకు రంగు తెస్తాయి.

నీళ్లలో ఉన్న పిల్లలను గుర్తుపట్టడం ఇంకా తేలిక. క్యూలెక్స్, ఈడిస్ లార్వాలు తోక దగ్గరి గొట్టాన్ని నీటి పైకి పెట్టి, తలకిందులుగా వేలాడుతూ గాలి పీలుస్తాయి. అనాఫిలిస్ లార్వాకు ఆ గొట్టం లేదు. అది నీటి ఉపరితలం కిందనే, తేలే పుల్లముక్కలా, అడ్డంగా పడుకుని ఉంటుంది. క్యూలెక్స్ గుడ్లు ఒకదానికొకటి అతుక్కుని చిన్న తెప్పలా తేలితే, అనాఫిలిస్ ఒక్కో గుడ్డును విడివిడిగా పెడుతుంది. ఒక్కో గుడ్డుకు రెండు పక్కలా గాలి నిండిన తేలుళ్లు ఉంటాయి, సూక్ష్మదర్శినిలో చూస్తే పడవే. ఒక విడతకు 50 నుంచి 200 దాకా ఇలాంటి పడవలు నీళ్లలోకి దిగుతాయి.

ప్రశ్న: మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో ఏం చేస్తుంది? దోమకు జబ్బు చేయదా?

జవాబు: మనం మనల్నే అసలు బాధితులుగా లెక్కేసుకుంటాం గాని, ప్లాస్మోడియం అనే ఈ పరాన్నజీవికి పెళ్లి జరిగేది దోమ ఇంట్లోనే. మన ఒంట్లో అది ముక్కలుగా చీలి సంఖ్యను పెంచుకుంటుంది, ఆడ మగ కణాల కలయిక మాత్రం దోమ కడుపులో తప్ప జరగదు. రక్తం దోమ కడుపులోకి చేరిన కొద్ది నిమిషాల్లోనే, చల్లబడిన వేడి, దోమ కడుపులో ఉండే ఒక రసాయనం కలిసి గామిటోసైట్లను మేల్కొలుపుతాయి. ఎర్ర రక్తకణాల్లో ముడుచుకుని ఉన్న మగ గామిటోసైటు పావుగంటలోపే ఎనిమిది కొరడాల వంటి పోగులుగా విడిపోయి, కొట్టుకుంటూ, చుట్టూ ఉన్న రక్తకణాలను తోసుకుంటూ ఆడకణాన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. కలయిక తరువాత ఒక రోజులో ఆ కణం పురుగులా సాగి, దోమ జీర్ణాశయపు గోడను తొలుచుకుని అవతలి వైపున ఊసిస్ట్ అనే పొక్కుగా స్థిరపడుతుంది. ఆ పొక్కు రోజురోజుకూ ఉబ్బుతుంది. చివరికి పగిలి, అందులోంచి సూదిమొనల వంటి స్పోరోజోయిట్లు వేల సంఖ్యలో బయటపడి, దోమ శరీరద్రవంలో కొట్టుకుపోతూ లాలాజల గ్రంథులకు చేరుకుంటాయి. తరువాతి కాటులో లాలాజలంతో పాటు మన చర్మంలోకి దిగేవి అవే. సాధారణంగా దిగేవి వంద లోపే అయినా, వాటిలో ఏ ఒక్కటి కాలేయానికి చేరినా చాలు.

ఇదంతా ఎంత వేగంగా జరుగుతుందో నిర్ణయించేది వాతావరణం. దోమ తన శరీరాన్ని తాను వేడిగా ఉంచుకోలేదు, బయట ఎంత చల్లన ఉంటే దాని లోపలా అంతే. మనిషికి మలేరియా తెచ్చే పరాన్నజీవి రకాల్లో అత్యంత ప్రమాదకరమైన ఫాల్సిపారానికి 20 డిగ్రీల దగ్గర మూడు వారాలకు పైనే పడుతుంది. 16 డిగ్రీల కంటే కిందికి దిగితే దాదాపు ఆగిపోతుంది. అంత కాలం దోమే బతకదు. చలిప్రదేశాల్లో అనాఫిలిస్ దోమలు ఉన్నా ఫాల్సిపారం నిలదొక్కుకోలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

జబ్బు చేయడం గురించి: మనకు వచ్చినట్టు జ్వరాలు, వణుకులు దోమకు ఉండవు. అలాగని అది చేతులు కట్టుకునీ కూర్చోదు. లోపలికి వచ్చిన పరాన్నజీవుల్లో చాలావాటిని దాని రోగనిరోధక వ్యవస్థ చంపేస్తుంది, ప్రకృతిలో పట్టుబడే దోమల జీర్ణాశయం మీద చాలాసార్లు రెండు మూడు పొక్కులకు మించి కనిపించవు. పరాన్నజీవి వైపు నుంచి చూస్తే ఇంతకంటే ఇరుకైన దారి దాని జీవితంలో మరొకటి లేదు.

ప్రశ్న: దోమ వల్ల మలేరియా వస్తుందని కనిపెట్టింది రోనాల్డ్ రాసా, ఇటలీ శాస్త్రవేత్తలా? రెండు రకాలుగానూ చదివాను.

జవాబు: రెండూ సగం సగం నిజాలు. మలేరియా అన్న మాటకే ఇటలీ భాషలో చెడ్డగాలి అని అర్థం. చిత్తడినేలల నుంచి వచ్చే దుర్వాసన వల్ల ఈ జ్వరం వస్తుందని శతాబ్దాల తరబడి నమ్మారు. 1880 నవంబరు 6న అల్జీరియాలోని కాన్‌స్టాంటైన్ పట్టణంలో అల్ఫోన్స్ లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు ఒక రోగి రక్తంలో కొరడాల్లా కొట్టుకునే పోగులను చూశాడు. పై జవాబులో చెప్పిన మగకణాలే అవి. సూక్ష్మదర్శిని కింద చల్లబడిన రక్తపుబొట్టు దోమ కడుపులా పనిచేసిందన్నమాట. పరాన్నజీవి దొరికింది గాని, అది ఒకరి నుంచి ఒకరికి ఎలా వెళుతుందో తెలియలేదు. దోమ పాత్ర ఉండవచ్చన్న ఊహను 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ చెప్పగా, భారతదేశంలో సైనిక వైద్యుడిగా ఉన్న రాస్ దాన్ని పట్టుకున్నాడు.

ఆయన కష్టాలకు ప్రధాన కారణం దోమ జాతి. రెండేళ్ల పాటు ఆయన కోసినవి ఎక్కువగా మలేరియాను మోయలేని దోమలే. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో మచ్చల రెక్కల దోమలు కొన్ని దొరికాయి. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటి చేత కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. 20వ తేదీన ఒక దోమను కోస్తే జీర్ణాశయపు గోడలో, నల్లని రంగురేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. ఆ రేణువులు మలేరియా రోగి రక్తంలో కనిపించేవే. రాస్ అక్కడితో సంతోషపడి ఆగలేదు. మిగిలిన దోమను మర్నాడు కోసి చూశాడు. కణాలు అవే, కాకపోతే ముందురోజు కంటే పెద్దవి. అవి పెరుగుతున్నాయంటే బతికి ఉన్నాయన్నమాట. ఆ ఒక్కరోజు తేడాయే ఆ పరిశోధనలో అన్నిటికంటే గట్టి సాక్ష్యమని నా అభిప్రాయం.

ఆ తరువాత మనిషి మలేరియాతో పని కొనసాగించే వీలు రాస్‌కు చిక్కలేదు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాను తీసుకుని, క్యూలెక్స్ దోమల్లో పరాన్నజీవి పూర్తి ప్రయాణాన్ని లాలాజల గ్రంథుల దాకా చూపించాడు. అదే ఏడాది చివర ఇటలీలో గ్రాసీ, బిన్యామీ, బాస్టియనెల్లీలు మనిషి మలేరియా అనాఫిలిస్ దోమల్లోనే పూర్తవుతుందని రుజువు చేశారు. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కడికే వచ్చింది. గ్రాసీకి, ఆయనకు మధ్య మొదలైన మాటల యుద్ధం అంతటితో చల్లారలేదు. దారి చూపినవాడు రాస్, మనిషి విషయంలో గమ్యం చేర్చింది ఇటలీవారు అంటే ఎవరికీ అన్యాయం జరగదు.

ప్రశ్న: మురుగుకాల్వలన్నీ శుభ్రం చేయించాం. అయినా మలేరియా తగ్గలేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: కాల్వలు శుభ్రం చేయడం మంచి పనే, కాని దానివల్ల ముఖ్యంగా తగ్గేది క్యూలెక్స్. అనాఫిలిస్ దోమలు చాలావరకు తేటనీటిని కోరుకుంటాయి. అందులోనూ ఏ జాతి అభిరుచి దానిదే. అనాఫిలిస్ ఫ్లువియాటిలిస్ కొండల దిగువన మెల్లగా పారే సెలయేళ్లలో పెరుగుతుంది. సుండైకస్ సముద్రతీరపు ఉప్పునీటి మడుగులను వెతుక్కుంటుంది. అనాఫిలిస్ గాంబియేకు ఎండ తగిలే చిన్న వాననీటి గుంట, ఆఖరికి పశువు గిట్ట దిగిన గుంత కూడా సరిపోతుంది. పట్నాల్లో మలేరియాను వ్యాపింపజేసే స్టెఫెన్సై బావుల్లో, నీటితొట్లలో, మూత సరిగా లేని డాబా మీది ట్యాంకుల్లో పెరుగుతుంది. దక్షిణాసియా, అరేబియా ప్రాంతాలకు చెందిన ఈ దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో బయటపడి, అక్కడి నుంచి ఇథియోపియా వంటి దేశాలకు పాకింది. పల్లెల జబ్బుగానే పేరుపడిన ఆఫ్రికా మలేరియా పట్నాల్లోకి వస్తుందేమోనన్న భయం అందుకే మొదలైంది. కాబట్టి ముందు తెలుసుకోవలసింది మీ దగ్గర జబ్బును మోస్తున్నది ఏ జాతి అన్నది. అది తెలియకుండా చేసే శుభ్రత చీకట్లో రాయి విసరడమే. నీరు నిల్వ ఉండే పాత్రలు, ట్యాంకులకు గట్టి మూతలు వేయడం, వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టడం వల్ల నష్టం మాత్రం ఎప్పుడూ లేదు, ఎందుకంటే గుడ్డు నుంచి దోమగా మారడానికి వెచ్చని కాలంలో సైతం వారానికి మించే పడుతుంది.

ప్రశ్న: మనిషి చెవికి వినిపించని శబ్దంతో దోమలను తరిమే యంత్రాలు, కిటికీలో పెంచే దోమల మొక్కలు పనిచేస్తాయా?

జవాబు: శబ్దయంత్రాలు పనిచేయవు. వాటి మీద ఆరుబయట జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి సమీక్షించినవారు కాట్లు తగ్గినట్టు ఎక్కడా ఆధారం లేదని తేల్చారు. మొక్క కుండీలో ఊరకే ఉంటే దోమకు పట్టదు. దాని నూనెను తీసి ఒంటికి రాసుకుంటే కొంతసేపు పనిచేసేవి కొన్ని ఉన్నాయి. ఒంటికి రాసుకునే మందుల్లో డీట్, పికారిడిన్ వంటివాటి ప్రభావం రుజువైంది.

ప్రశ్న: పొగమందు కొట్టడం, గోడలకు మందు పిచికారీ చేయడం, దోమతెర కట్టుకోవడం... వీటిలో మలేరియాకు ఏది మేలు? తెరకు మందు ఎందుకు పూస్తారు, కన్నాలు లేకపోతే చాలదా?

జవాబు: మొదటి జవాబులోని లెక్కను గుర్తుంచుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది. పొగ ఆ క్షణాన గాలిలో ఎగురుతున్న దోమలను చంపుతుంది. పొగ ఆరిపోయిన తరువాత వచ్చే దోమలకు, నీళ్లలోని లార్వాలకు దానివల్ల ఏమీ కాదు. చూడటానికి మాత్రం చాలా పెద్ద పని జరిగినట్టు ఉంటుంది. గోడలకు కొట్టే మందు కంటికి ఆనదు. రక్తంతో కడుపు నిండి బరువెక్కిన ఆడదోమ దూరం ఎగరలేక దగ్గరలోని గోడ మీద వాలుతుంది. మందు ఉన్న గోడ మీద కాళ్లు ఆనితే చాలు, చస్తుంది. ఒక చక్రంలో తప్పించుకున్నా, రెండు మూడు రోజుల తరువాత మళ్లీ రక్తం కోసం ఇంట్లోకి రావాలి, మళ్లీ గోడ మీద వాలాలి. పన్నెండు రోజులు బతకాలంటే అలా నాలుగైదు గండాలు దాటాలి. ముసలిదోమలను ఏరి చంపుతున్నట్టే లెక్క. ఇళ్లలో వాలకుండా బయటి చెట్లలోకి వెళ్లిపోయే జాతుల మీద మాత్రం ఇది అంతగా పనిచేయదు.

తెర విషయానికి వస్తే, మందు లేని తెర మిమ్మల్ని కాపాడుతుంది, అదీ మీ మోచెయ్యి దానికి ఆనుకోనంత సేపే. మందు పూసిన తెర మీ వాసనకు వచ్చి తగిలిన దోమను చంపుతుంది. అంటే ఊళ్లో చాలామంది వాడితే, తెర లేని పక్కింటివారికి కూడా ముప్పు కొంత తగ్గుతుంది. ఆఫ్రికాలో 2000, 2015 సంవత్సరాల మధ్య నివారణ చర్యల వల్ల తప్పిన మలేరియా కేసుల్లో 68 శాతం దాకా ఈ తెరల చలవేనని అంచనా వేశారు. అయితే తెరలకు దశాబ్దాల తరబడి పైరిత్రాయిడ్లు అనే ఒకే కుటుంబం మందులు వాడటంతో చాలాచోట్ల దోమలు వాటికి అలవాటుపడ్డాయి. అందుకే క్లోర్‌ఫెనాపిర్ అనే మరో మందును కూడా కలిపిన తెరలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సిఫారసు చేసింది. ఒక్క మందునే నమ్ముకుని ఉండటం ఎంత ప్రమాదమో డీడీటీ రోజుల్లోనే తెలిసినా, అదే పొరపాటు మళ్లీ జరిగింది.

ప్రశ్న: నాకు మలేరియా తగ్గి నాలుగు నెలలైంది. ఈ మధ్య ఒక్క దోమ కూడా కుట్టలేదు, అయినా మళ్లీ అదే జ్వరం వచ్చింది. దోమ లేకుండా మలేరియా వస్తుందా?

జవాబు: మీకు అంతకుముందు వచ్చింది వైవాక్స్ రకమైతే రావచ్చు. వైవాక్స్, ఓవలే రకాల పరాన్నజీవుల్లో కొన్ని కాలేయంలో నిద్రాణంగా ఉండిపోయి, వారాలకో నెలలకో మేలుకుని మళ్లీ రక్తంలోకి వస్తాయి. ఆ కాటు ఎప్పుడో పడ్డదే. రక్తంలోని వాటిని చంపే మందులు కాలేయంలోని వాటిని ముట్టుకోవు; వాటికి వేరే మందు ఉంది, దాన్ని రక్తపరీక్ష చేయించి డాక్టరే ఇవ్వాలి. ఈ పత్రిక చదవడం ఆపి ముందు రక్తపరీక్షకు వెళ్లండి. మీకు జ్వరం తిరగబెట్టిందంటే మీ రక్తంలో గామిటోసైట్లు కూడా ఉండవచ్చు, అంటే మీ చుట్టుపక్కల అనాఫిలిస్ దోమలకు మీరే తొలి మజిలీ కావచ్చు.

ప్రశ్న: మలేరియా పోవాలంటే దోమలన్నిటినీ నిర్మూలించక తప్పదా? అది సాధ్యమేనా?

జవాబు: సాధ్యం కాదు, తప్పదనీ లేదు. 1955లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డీడీటీని ప్రధాన ఆయుధంగా చేసుకుని ప్రపంచవ్యాప్త మలేరియా నిర్మూలన కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. అప్పుడు కూడా లక్ష్యం దోమలను లేకుండా చేయడం కాదు. కొన్నేళ్ల పాటు దోమల ఆయుష్షును తగ్గించి, ఆలోగా మనుషుల రక్తంలో పరాన్నజీవి లేకుండా చేయడం. 1969లో ఆ కార్యక్రమాన్ని ఆపేయవలసి వచ్చింది, కారణాలు చాలా ఉన్నాయి.

శ్రీలంక ఉదాహరణ ఈ విషయంలో ఎంతో నేర్పుతుంది. 1963లో ఆ దేశమంతటా కలిపి నమోదైన మలేరియా కేసులు 17. పని అయిపోయిందనుకుని పిచికారీని, నిఘాను సడలించారు. దోమలు ఎక్కడికీ పోలేదు, పరాన్నజీవి కూడా అక్కడక్కడా మిగిలే ఉంది. ఆ దశాబ్దం ముగిసేలోపే కేసులు లక్షల్లోకి చేరాయి. తిరిగి అదుపులోకి తేవడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. అక్కడి దోమ కాటుతో వచ్చిన చివరి కేసు 2012లో నమోదైంది, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా లేని దేశంగా ధ్రువీకరించింది. క్యూలిసిఫేసిస్ దోమ నేటికీ అక్కడి నీళ్లలో గుడ్లు పెడుతూనే ఉంది, రాత్రిళ్లు మనుషులను కుడుతూనే ఉంది. విదేశాల నుంచి జ్వరంతో వచ్చిన ప్రయాణికుడికి మలేరియా అని తేలితే ఆరోగ్య సిబ్బంది అతనికి మందులిచ్చి ఊరుకోరు; అతను బస చేసిన చోటి చుట్టుపక్కల అనాఫిలిస్ దోమలున్నాయేమో వెతుకుతారు, జ్వరం ఉన్నవారి రక్తం పరీక్షిస్తారు. అతని రక్తం తాగిన దోమ ఏదైనా ఉంటే, దానికి పన్నెండు రోజులు నిండేలోపు ఆ పని పూర్తి కావాలి.